అలిసిపోతున్న లీకు

లీకు పట్టే పరికరం ఒక్కసారి సన్నగా కూసి ఊరుకుంది.

సీనియర్ విద్యార్థి తన చేతిలోని హీలియం గొట్టాన్ని అక్కడే ఆపి తల తిప్పాడు. "విన్నారా సర్?"

ప్రొఫెసరు విన్నాడు. ల్యాబులో ఉన్న ఆరుగురూ విన్నారు. గది మధ్యలో మనిషి నడుమెత్తు ఇనుప కాళ్ళ మీద ఉక్కు రింగు ఉంది. లారీ టైరును నాలుగింతలు పెంచి ఉక్కుతో చేసినట్టు, లోపలంతా బోలుగా ఉంటుంది. దానిలో గాలినంతా పంపులతో లాగేసి, చిటికెడు హైడ్రోజన్ వదిలి, దాన్ని లక్షల డిగ్రీల వేడికి తీసుకుపోయి, ఆ వెలుగును రెప్పపాటు సేపైనా గోడలకు తగలకుండా పట్టి నిలపడం అక్కడి వాళ్ళ పని. లోపల ఏ కాస్త గాలి మిగిలినా ఆ వెలుగు నిలవదు. ఎంత మిగిలిందో గోడమీది ఎర్ర అంకెలు చెబుతాయి. పది ఘాతం అంటూ అక్కడెవరూ పూర్తిగా అనరు. మైనస్ ఎనిమిదికి దిగితే పని మొదలవుతుంది. వారం రోజులుగా అంకె మైనస్ ఆరు దగ్గరే కూర్చుంది. అంటే ఉండాల్సిన దానికి వంద రెట్ల గాలి.

"కొత్త పోర్టు దగ్గరేనా?" అన్నాడు ప్రొఫెసరు.

"సరిగ్గా అక్కడే సర్. అతుకు మీద హీలియం ఊదగానే కూసింది."

వాళ్ళలో ఒకతె, పరిశోధన చేస్తున్న అమ్మాయి, రింగుకు అవతలి వైపు నోటు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. కొత్త పోర్టు అంటే మోచెయ్యంత ఉక్కు గొట్టం. మూడు వారాల కిందట రింగుకు రంధ్రం చేసి దాన్ని అతికించారు. అది ఆమె కోసమే. ఆమె ప్రోబు రింగు లోపలి గోడకు బిగించి ఉంది. దాని తీగలు ఆ గొట్టంలోంచి బయటికి వస్తాయి. గుండుసూది మొనల్లాంటి నాలుగు కొనలతో ఆ ప్రోబు వెలుగు అంచు ఎంత వేడిగా ఉందో చెప్పాలి. ఆమె మూడేళ్ళ చదువంతా ఆ నాలుగు కొనల మీదే నిలబడి ఉంది. వచ్చే బుధవారం నుంచి పది రోజులు షాట్లు, అంటే ఆ వెలుగును వెలిగించి కొలతలు తీసే రోజులు. ఆ తరువాత కరెంటు వేరే విభాగానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వంతు రావాలంటే ఆరు నెలలు.

"మేస్త్రిని పిలవండి," అన్నాడు ప్రొఫెసరు.

వెల్డింగు మేస్త్రి కింది వర్క్‌షాపు నుంచి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. పొట్టి మనిషి. జుట్టు ముందువైపు పూర్తిగా నెరిసింది, వెనక ఇంకా నల్లగానే ఉంది. ముసుగు కింద ముందు జుట్టు మాడి తెల్లబడిందని ల్యాబు పిల్లలు వేళాకోళమాడితే ఆయనా నవ్వుతాడు. రింగుకు ఉన్న పద్దెనిమిది పోర్టుల్లో పదిహేడు ఆయన చేతి మీదుగా అతికినవే.

ప్రొఫెసరు అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. "మీ అతుకు కారుతోంది మేస్త్రీ," అన్నాడు, వాన పడుతోంది అన్నట్టు.

మేస్త్రి గొట్టం దగ్గరికి వంగి అతుకు చుట్టూ చూశాడు. నాణేలను ఒకదాని మీద ఒకటి వాల్చి పేర్చినట్టు సన్నటి అలలు. వేలు దగ్గరగా తెచ్చి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. వయసు ఎవరికైనా వస్తుంది," అన్నాడు ప్రొఫెసరు. "గురువారం పొద్దున బయట కంపెనీ వాళ్ళు వచ్చి దీన్ని కోసేసి కొత్తది వేస్తారు. ఇకమీదట రింగు పని వాళ్ళకే ఇద్దాం. మీరు స్టాండ్లూ బల్లలూ చూసుకోండి. మీకూ కాస్త తేలిక."

మేస్త్రి ఏదో ఒకటి అంటాడని ఆమె ఎదురు చూసింది. ఇంకోసారి పరీక్ష చేయండి అనవచ్చు. పక్కన ఇంకేముందో చూడండి అనవచ్చు.

"సరే సర్," అన్నాడు మేస్త్రి. గుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం తీగలు పట్టి ఉంచే బిగింపు ఒకటి కావాల్సి వచ్చి ఆమె వర్క్‌షాపుకు వెళ్ళింది. తలుపు దగ్గర బల్ల వేసుకుని స్టోరు చూసే ఆయన కూర్చుంటాడు. స్క్రూలూ వాషర్లూ రబ్బరు రింగులూ అన్నీ ఆయన వెనక సొరుగుల్లో ఉంటాయి. చీటీ లేకుండా ఒక్క మేకు బయటికి రానివ్వడు.

"ఏం సైలెంట్ మోడ్, ఏం కావాలి?" అన్నాడు. ఆమె పైన ల్యాబులో ఎక్కువ మాట్లాడదని పిల్లలు పెట్టిన పేరు అది. కింది దాకా పాకింది.

ఆమె చీటీ ఇచ్చింది. ఆయన సొరుగులో వెతుకుతూ గొంతు తగ్గించాడు. "మా వాణ్ణి ఏం చేశారమ్మా మీ పైవాళ్ళు? నిన్నటి నుంచి టీకి కూడా రాలేదు. పిలిస్తే, 'నువ్వు తాగు, నాకు పనుంది' అంటాడు. నాకు తెలిసి ఇరవై రెండేళ్ళలో వాడు టీ వద్దన్నది లేదు."

మేస్త్రి లోపల మూలన తన స్టూలు మీద ఉన్నాడు. ఆమె బిగింపు చేతిలో పట్టుకుని కాస్త దూరంలో ఆగింది. ఆయన రెండు సన్నటి ఉక్కు రేకులు పక్కపక్కన పెట్టి అతికించాడు. చల్లారాక వాటిని బల్ల మీది వైసు దవడల్లో బిగించి, సుత్తితో కొట్టి వంచి, విరిచాడు. విరిగిన అంచును కిటికీ వెలుతురుకు ఎత్తి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. బల్ల మీద అప్పటికే అలా విరిచిన ముక్కలు ఆరు వరసగా ఉన్నాయి. ఏడోది వాటి పక్కన పెట్టాడు.

తన అతుకు మంచిదని రుజువు పోగు చేసుకుంటున్నాడని ఆమె అనుకుంది. గురువారం నాడు అవన్నీ ప్రొఫెసరు బల్ల మీద పోస్తే బాగుండు అనుకుంది.

"నిలబడిపోయావేం తల్లీ?" అన్నాడు మేస్త్రి ఆమెను చూసి.

"బిగింపు కోసం వచ్చాను మేస్త్రిగారూ."

"దొరికిందా?"

"దొరికింది."

ఇంకేదో అనాలనుంది ఆమెకు. అతుకు చూడ్డానికి బాగానే ఉందండీ, అనాలనుకుంది. వెల్డింగు గురించి తనకేం తెలుసని అంటుంది? తల ఊపి వచ్చేసింది.

ఆమె ఉండేది అక్కా బావల ఇంట్లో. రెండు గదులు, చిన్న వంటిల్లు. ఆ సాయంత్రం ఆమె వెళ్ళేసరికి అక్క కుట్టు మిషను దగ్గర కూర్చుని స్కూలు యూనిఫారాలకు గుండీలు కుడుతోంది. బావ సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపి కూర్చున్నాడు.

"ఏం మరదలా, మీ సూర్యుడు వెలిగాడా?" అన్నాడు. రోజూ అడిగే మాటే.

"ఇంకా లేదు బావా."

"మా డిపోలో బండి వారం రోజులు స్టార్టు కాకపోతే మేం డ్రైవర్ని తిడతాం. మీ దగ్గర ఎవర్ని తిడతారు?"

ఆమె పళ్ళెంలో అన్నం కలుపుతూ ఆగింది. "వెల్డరును," అంది.

"అతనిదేనా తప్పు?"

"అందరూ అదే అంటున్నారు."

"అందరి సంగతి సరే. నువ్వేమంటున్నావే?" అంది అక్క దారం కొరుకుతూ.

ఆమె తల వంచి మళ్ళీ అన్నం కలపసాగింది. "అదిగో, స్విచ్చాఫ్," అన్నాడు బావ. అక్క ఆయన కాలి మీద టేపుతో ఒక్కటిచ్చింది.

*

బుధవారం పొద్దున ల్యాబులో ఆమె ఒక్కతే ఉంది. షాట్ల ఏర్పాట్ల గురించి మీటింగని మిగతా వాళ్ళంతా పై అంతస్తుకు వెళ్ళారు. అంకె మైనస్ ఆరు దగ్గరే ఉంది.

ఆమె లాగ్ పుస్తకం తెరిచింది. రోజూ పొద్దున తొమ్మిదింటికి సీనియర్ పంపు వాల్వు మూసి, లోపల గాలి ఎంత వేగంగా పెరుగుతోందో పది నిమిషాలు చూసి రాస్తాడు. పేజీ అడుగున ఆ అంకెల సగటు వేస్తూ వచ్చాడు. సగటు కింద ఎర్ర గీత, గీత కింద "లీకు" అని రాసి ఉంది. ప్రొఫెసరు చూసింది ఆ సగటునే.

ఆమె సగటును అరచేత్తో మూసి, చివరి ఐదు రోజుల అంకెల్ని చదివింది. అరవై రెండు. యాభై ఏడు. యాభై మూడు. నలభై తొమ్మిది. నలభై ఆరు.

మళ్ళీ చదివింది. అంకెలు ఎగుడుదిగుడుగా లేవు. ఒక్కరోజు కూడా వెనక్కి తిరగకుండా మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. తొమ్మిది కావడంతో ఆమె తనే వాల్వు మూసి, గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్క రాసింది. నలభై మూడు.

పెన్సిలు కింద పెట్టింది. బయటి నుంచి వచ్చే లీకు అలిసిపోదు. బయట గాలికి కొదవ లేదు. చిల్లు ఉంటే మొదటి రోజు ఎంత వస్తుందో పదో రోజూ అంతే వస్తుంది. ఇది రోజు రోజుకూ అలిసిపోతోంది. గోడలకు పట్టిన చెమ్మ ఆరుతున్నా ఇలాగే తగ్గుతుంది. కానీ లోపల ఏ వాయువుందో చెప్పే యంత్రం నీటి ఆవిరి చూపించడం లేదు, మామూలు గాలే చూపిస్తోంది. అంటే అది గాలే. కానీ బయటిది కాదు. లోపల ఎక్కడో ఇరుక్కుని, కొంచెం కొంచెంగా కారుతోంది.

మరి సోమవారం పరికరం ఎందుకు కూసింది?

ఆమె పలచటి ప్లాస్టిక్ సంచి కోసి, కొత్త పోర్టు అతుకు చుట్టూ చుట్టి, అంచులన్నీ టేపుతో అంటించింది. సంచిలోకి హీలియం వదిలి అది బుగ్గలా ఉబ్బేదాకా ఆగింది. అతుకులో వెంట్రుక మందం చిల్లున్నా ఆ హీలియం లోపలికి పోవాలి, పరికరం కూయాలి. ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని పరికరాన్నే చూసింది. కూయలేదు. సంచి విప్పి, జానెడు దూరంలో ఉన్న పాత గాజు కిటికీ రబ్బరు రింగు మీద హీలియం ఊదింది. కాసేపాగి పరికరం సన్నగా, ఒక్కసారి కూసింది. సోమవారం కూసినట్టే. రబ్బరు హీలియాన్ని పీల్చుకుని లోపలికి వదులుతుంది. ఎప్పుడూ ఉండేదే, పట్టించుకోనక్కర్లేనిది. సీనియర్ గొట్టం ఎక్కువ తెరిచాడు, హీలియం పక్కకు పారింది, అంతే.

అతుకు బాగుంది. ఆమెకు నవ్వు వచ్చింది. లేచి మెట్ల దాకా వెళ్ళింది, కిందికి దిగి చెబుదామని. రెండో మెట్టు మీద ఆగిపోయింది.

మరి గాలి ఇరుక్కున్నది ఎక్కడ?

ఈ నెలలో రింగు లోపలికి కొత్తగా వెళ్ళింది ఒకటే. ఆమె ప్రోబు. దాని దిమ్మను లోపలి గోడకు ఎనిమిది స్క్రూలతో బిగించారు. గోడకు ఇటు నుంచి అటుకు చిల్లు పడకూడదు కాబట్టి స్క్రూ రంధ్రాలు అడుగు మూసే ఉంటాయి. అలాంటి రంధ్రంలో మామూలు స్క్రూ బిగిస్తే అడుగున బియ్యపు గింజంత గాలి చిక్కుకుపోతుంది. పంపు లాగుతున్నప్పుడు అది స్క్రూ మరచుట్ల సందుల్లోంచి రోజుల తరబడి కారుతూ ఉంటుంది. అందుకే రింగు లోపలికి వెళ్ళే ప్రతి స్క్రూకూ నడిమధ్య నిలువునా సన్నటి బెజ్జం ఉండాలి, చిక్కిన గాలి అందులోంచి వెంటనే బయటపడేలా. మొదటి సంవత్సరం మొదటి నెలలో ప్రతి విద్యార్థికీ చెప్పే సంగతి అది.

ఆమె తన ఫైలు తీసింది. ప్రోబు దిమ్మ డ్రాయింగు తనే గీసింది. మూలన రాసింది: స్క్రూలు, నాలుగు మిల్లీమీటర్లు, ఎనిమిది. బెజ్జం ఉన్నవి అని రాయలేదు. రాయకపోతే స్టోరు ఆయన రాసిందే ఇస్తాడు. కింద ప్రొఫెసరు సంతకం. స్క్రూలు బిగించింది తను. పెద్ద పోర్టులోంచి నడుము దాకా దూరి, నుదుటికి దీపం కట్టుకుని, ఒక్కొక్కటీ బిగించింది. చెమట చుక్క లోపల పడకూడదనే భయంలో స్క్రూల తలల్లో బెజ్జం ఉందో లేదో ఒక్కసారి కూడా చూడలేదు.

మీటింగు అయిపోయి మెట్ల మీద గొంతులు వినిపించాయి. ఆమె డ్రాయింగును ఫైల్లో పెట్టి, ఫైలు మూసింది.

"ఏం చేస్తున్నావ్ ఒక్కదానివే?" అన్నాడు సీనియర్.

"లాగ్ రాస్తున్నానన్నా."

"ఎంత?"

"నలభై మూడు."

"అదీ సగటులో కలుపు," అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు ప్రొఫెసరు గది దాకా వెళ్ళింది. మొదటిసారి ఆయన ఫోన్లో ఉన్నాడు. రెండోసారి ఖాళీగానే ఉన్నాడు, తలుపు కూడా తెరిచే ఉంది. చెబితే రింగు తెరవాలి. తెరిస్తే మళ్ళీ గాలి లాగడానికి నాలుగైదు రోజులు. ఇంత పని చేసినదాని ప్రోబును తిరిగి పెట్టనిస్తారా? పీకి పక్కన పెట్టి, మిగతావాళ్ళ షాట్లు కానివ్వమంటారు. తనకు ఆరు నెలలు. అది కూడా ఇస్తే.

"ఏమ్మా?" అన్నాడు ప్రొఫెసరు తలెత్తి.

"ఏం లేదు సర్. లాగ్ పుస్తకం ఇక్కడుందేమో అని."

ఇంటికి వచ్చి అక్క చేతిలోంచి చీపురు తీసుకుని ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది.  "ఎవర్నైనా ఏమైనా అన్నావా?" అంది అక్క.

"అనలేదక్కా. అదే."

"అనాల్సింది అనలేదా?"

ఆమె చీపురు గోడకు ఆనించింది.  అక్క ఇంకేం అడక్కుండా మిషను మీదున్న బట్టలు పక్కకు జరిపి చోటిచ్చింది. ఆమె కూర్చుంది. అక్క గుండీల డబ్బా ఆమె ఒళ్ళో పెట్టింది. ఇద్దరూ కాసేపు గుండీలు ఏరారు, తెల్లవి ఒకవైపు, నీలివి ఒకవైపు.

"రేపు పొద్దున వెళ్ళి అనేస్తాను," అంది ఆమె చివరికి.

"అనెయ్. కాస్త తిని వెళ్ళి అను."

*

కంపెనీ వాళ్ళు చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. ఆమె ల్యాబులో అడుగు పెట్టేసరికి ఇద్దరు మనుషులు కోసే యంత్రాన్ని నేల మీద పెట్టి వైరు విప్పుతున్నారు. ఒకతను అతుకు చుట్టూ సుద్దతో గీత గీశాడు. ప్రొఫెసరూ సీనియరూ పక్కన ఉన్నారు. మేస్త్రి కూడా వచ్చాడు, పిలిచారో తనే వచ్చాడో. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్లగ్గు ఎక్కడ సార్?" అన్నాడు కంపెనీ మనిషి.

సీనియర్ గోడ వైపు చూపించాడు. అతను వైరు పట్టుకుని అటు నడిచాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఆమె.

ఎవరికీ వినిపించలేదు. తన గొంతు ఎంత చిన్నదో ఆమెకు ఆ గదిలో ఎప్పుడూ అంతగా తెలియలేదు. వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గుకు అడ్డంగా నిలబడింది.

"అమ్మా, షాక్ కొడుతుంది, తప్పుకో," అన్నాడు అతను.

"అతుకు బాగానే ఉంది సర్," అంది ఆమె ప్రొఫెసరుతో. "లీకు అక్కడ కాదు. నా స్క్రూల్లో."

అందరూ అటు తిరిగారు. సీనియర్ నవ్వబోయి ఆగాడు. ఆమె లాగ్ పుస్తకం తెరిచి ప్రొఫెసరు ముందు పెట్టింది. వేలితో ఒక్కో అంకె చూపించింది. సంచి కట్టిన సంగతి, రబ్బరు రింగు సంగతి చెప్పింది. మాట రెండుసార్లు తడబడింది గానీ ఆగలేదు.

"గోడలు ఆరుతున్నాయేమో. అందుకే తగ్గుతోంది," అన్నాడు సీనియర్.

"ఆరితే నీటి ఆవిరి కనిపించాలన్నా. కనిపిస్తున్నది గాలి."

సీనియర్ యంత్రం తెర వైపు చూశాడు. చూసి, మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

ఆమె డ్రాయింగు తీసి పుస్తకం మీద పరిచింది. "బెజ్జం ఉన్న స్క్రూలని నేను రాయలేదు సర్. మామూలువి వచ్చాయి. బిగించింది కూడా నేనే. చూసుకోలేదు. నిన్న పొద్దున్నే నాకు తెలిసింది. నిన్న చెప్పలేదు."

ప్రొఫెసరు డ్రాయింగు మీదికి వంగాడు. మూలన ఆమె రాసిన అక్షరాలు చదివాడు. ఆయన చూపు అక్కడి నుంచి కిందికి దిగి సంతకం దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు. 

"ఇది నేను చదవకుండా పెట్టిన సంతకం," అన్నాడు. తనలో తను అనుకున్నట్టుంది గానీ అందరికీ వినిపించింది. తరువాత కంపెనీ వాళ్ళ వైపు తిరిగి, "మీకు శ్రమ ఇచ్చాం. దాన్ని కోయాల్సిన పని లేదు," అన్నాడు.

"సుద్ద గీసేశాం కదా సార్," అన్నాడు వైరు పట్టుకున్నతను, దిగులుగా.

"తుడిచేద్దాం లే," అన్నాడు ప్రొఫెసరు. జేబు రుమాలు తీసి తనే తుడిచాడు. తుడిచి తలుపు వైపు చూశాడు. "మేస్త్రీ..."

మేస్త్రి అక్కడ లేడు.

*

ఆమె మెట్లు రెండేసి దిగి వర్క్‌షాపుకు వెళ్ళింది. మేస్త్రి స్టూలు మీద, గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడి, "మేస్త్రిగారూ," అంది. ఆయన తిరగలేదు.

"నన్ను తిట్టండి. నా వల్ల మిమ్మల్ని అన్ని మాటలన్నారు. నిన్నే చెప్పాల్సింది. భయపడ్డాను."

ఆయన తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం లేదు వాటిల్లో.

"నా అతుకు బాగుందన్నావు కదా పైన?"

"అవునండీ."

"సంచి కట్టి చూశావా? ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలు," అన్నాడు మేస్త్రి. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి, కిందికి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి ఎవరో తిరిగి ఇచ్చినట్టు. "నేను చెయ్యి పోయిందనుకున్నానమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. "అంటే, మీరు కూడా..."

"పెద్దాయన అన్నాక నిజమే అనుకున్నా. ఎందుకు అనుకోను? పరికరం కూసిందని అందరూ విన్నారు. సోమవారం సాయంత్రమే కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. మా ఆవిడని తోడు తీసుకుపోయాను, ఏం చెబుతాడో అని. వాడు అన్నీ చూసి, 'మీ కళ్ళు మీకన్నా పదేళ్ళు చిన్నవి' అన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ వచ్చింది, నాకు పై ప్రాణాలు పైనే పోయినయ్. కళ్ళు బాగున్నాయంటే ఇక మిగిలింది చెయ్యే కదా!" బల్ల మీద విరిచిన ముక్కలు చూపించాడు. పన్నెండు అయ్యాయి. "చూడు, ఒక్కటీ తప్పు రాలేదు. తప్పు ఎందుకు కనబడ్డంలేదో తెలీక ఇంకా భయం వేసింది. తప్పు చేసి అది కనబడకపోవడం కంటే వెల్డరుకి ఇంకేం పెద్ద భయం ఉంటుంది చెప్పు?"

ఆమె ఆ ముక్కల్ని చూసింది. రుజువు పోగు చేసుకుంటున్నాడనుకుంది తను. ఆయన తనను తనే వెతుక్కుంటున్నాడు.

స్టోరు ఆయన తలుపులోంచి తొంగి చూశాడు. అప్పటికే కంపెనీ మనుషులు కిందికి దిగి కథంతా చెప్పేసినట్టున్నారు. "ఏరా, అయితే రావా ఇక?"

"ఎక్కడికి?" అంది ఆమె.

"మా స్టోరుకమ్మా! వెల్డింగు టార్చి ఇక పట్టనని నిన్న సాయంత్రం లెటరు రాసి నా చేతికిచ్చాడు, ఆఫీసులో ఇవ్వమని. నా పక్కన కూర్చుని చీటీలు చూసుకుంటాడట. నేను పొద్దున్నుంచీ సగం బల్ల ఖాళీ చేశాను. మూడు సొరుగులు సర్దాను, నడుం పట్టేసింది."

"ఇచ్చేశావా లెటరు?" అన్నాడు మేస్త్రి లేచి నిలబడి.

"ఇచ్చేవాణ్ణే. ఆఫీసు ఇంకా తెరవలేదు."

మేస్త్రి చెయ్యి చాపాడు. స్టోరు ఆయన చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి, ఇవ్వబోయి వెనక్కి లాక్కున్నాడు. "చీటీ ఏదీ? చీటీ లేకుండా నేనేం ఇవ్వను."

మేస్త్రి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ స్టూలు మీద కూర్చుండిపోయి, మడిచిన గుడ్డ తీసి ముఖం మొత్తం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. స్టోరు ఆయన కాగితం ఆయన ఒళ్ళో పడేసి, "సరే సరే, టీ తాగుదాం పద. మూడు రోజులు అయింది నాకు సరిగ్గా తాగి," అన్నాడు. ఆ తరువాత ఆమెతో, "నువ్వూ రా తల్లీ. స్క్రూలు నేనూ అడిగి ఉండాల్సింది, లోపలికా బయటికా అని. ఇకమీదట అడుగుతాలే," అన్నాడు.

ఆమె వెళ్ళింది. టీ చాలా వేడిగా ఉంది. ముగ్గురూ ఊదుకుంటూ తాగారు.

*

మధ్యాహ్నం రింగు తెరిచారు. ఆమే లోపలికి దూరి ఎనిమిది స్క్రూలూ విప్పింది. ప్రొఫెసరు తెల్ల గుడ్డ పరిచి, ఆమె అందించిన ప్రతి స్క్రూనూ తన చేత్తో దాని మీద పెట్టాడు. మామూలు స్క్రూలే, ఒక్కదానికీ బెజ్జం లేదు.

"బెజ్జం ఉన్నవి స్టోర్లో లేవట. తెప్పించాలంటే పది రోజులు," అన్నాడు సీనియర్.

"మేస్త్రిని అడుగుతాను," అన్నాడు ప్రొఫెసరు. ఫోను దగ్గరికి పోలేదు, మెట్లు దిగి వెళ్ళాడు. కింద వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు. పావుగంట తరువాత పైకి వచ్చి, "ఆకురాయితో ప్రతి స్క్రూ మరచుట్ల మీద నిలువునా ఒక గాడి తీస్తే సరిపోతుందట. గాలి అందులోంచి పోతుంది. నాకు తట్టనే లేదు," అన్నాడు. కాసేపాగి, "ఆయనకు క్షమాపణ చెప్పాను. 'పోనీండి సర్, గాడి ఎంత లోతు కావాలో చెప్పండి' అన్నాడు," అన్నాడు.

ఆమె చేతి తొడుగులు తీస్తూ, "నా ప్రోబు సర్?" అంది. నేల వైపు చూస్తూ అడిగింది.

"దానికేం?"

"మళ్ళీ పెట్టనిస్తారా?"

ప్రొఫెసరు ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "పెట్టకపోతే ఈ పోర్టు ఎందుకు? షాట్లు రెండు రోజులు వెనక్కి పోతాయి. మొదట మిగతావాళ్ళవి అవుతాయి, నీది చివర. నాలుగు రోజులే దొరుకుతాయి నీకు. చాలా?"

"చాలు సర్."

"నిన్న నా గదికి వచ్చావు, లాగ్ పుస్తకం అని."

"అవును సర్."

"పుస్తకం నీ చేతిలోనే ఉంది అప్పుడు." ఆయన చిన్నగా నవ్వాడు. "ఇంకోసారి అలా వస్తే కూర్చో. నేనూ అడుగుతాను."

ఆ సాయంత్రమే మేస్త్రి ఎనిమిది స్క్రూలకూ గాడి తీసి, కడిగి, పొట్లం కట్టి పంపాడు. శుక్రవారం పొద్దున ఆమె వాటిని బిగించింది. ఈసారి ఒక్కొక్కటీ దీపం ముందు పట్టుకుని, గాడి చూసుకుని మరీ బిగించింది. మధ్యాహ్నానికి పంపులు మొదలయ్యాయి. ఆ రాత్రంతా, శని, ఆది వారాలు గోడల చెమ్మ ఆరడానికి రింగు చుట్టూ వేడి పట్టీలు కట్టి ఉంచారు. సోమవారం అవి తీశారు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సీనియర్ లాగ్ పుస్తకం తీసి ఆమె ముందు పెట్టి, "నువ్వే చదువు," అన్నాడు. "సగటు వెయ్యను, భయపడకు."

ఆమె గోడమీది అంకెను చూసింది. చూసి, కళ్ళు మూసుకుని, తెరిచి మళ్ళీ చూసింది. పుస్తకంలో రాసింది.  అక్కకు ఫోను చేద్దామనుకుంది. ముందు కిందికి వెళ్ళింది.

వర్క్‌షాపు మూలన నీలి వెలుగు చిటపటమంటోంది. మేస్త్రి ముసుగు వేసుకుని, పక్క గదిలో కట్టబోయే కొత్త పంపు కోసం ఒక ఉక్కు గొట్టానికి అంచు అతికిస్తున్నాడు. సగం చుట్టు అయింది. సగంలో వెల్డరును పిలవకూడదు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని గోడను చూస్తూ నిలబడింది. గోడ మీద ఆయన నీడ పెద్దదిగా, కదలకుండా ఉంది. మోచెయ్యి మాత్రం మెల్లిగా, ఒకే వేగంతో, గుండ్రంగా జరుగుతోంది. ఎంతసేపైనా అలా నిలబడగలననిపించింది ఆమెకు.

వెలుగు ఆగింది. మేస్త్రి ముసుగు పైకెత్తాడు. మొదట అతుకును చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, తరువాత ఆమె వైపు తిరిగాడు.

"ఎంత?"

"మైనస్ ఎనిమిది."

"ఊఁ," అన్నాడు మేస్త్రి. గొట్టాన్ని అరచుట్టు తిప్పి బిగించి, "ముఖం అటు తిప్పుకో తల్లీ," అని ముసుగు దించుకున్నాడు.